పాప్‌అప్‌కి బెదిరి యాంటీవైరస్ కొన్నాను, మీరు కొనకండి

రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, ఇలాంటి మోసాల గురించి నలుగురికీ చెప్పేవాణ్ణి, తీరా నా దాకా వచ్చేసరికి నేనే బుట్టలో పడ్డాను. ఆ మోసగాళ్లు నాకు చూపించిన 'సాక్ష్యాలే' రేపు మీకూ చూపిస్తారు కాబట్టి చెప్పక తప్పడం లేదు.

ప్రింటర్ డ్రైవర్ కోసం వెతుకుతూ అన్నిటికంటే పైన కనబడిన లింకు నొక్కాను. అది యాడ్ అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది, చూసుకోలేదు. వెంటనే స్క్రీన్ మొత్తం నీలంగా మారిపోయింది. మధ్యలో ఎర్ర డబ్బా, సైరన్ మోత. మౌస్ బాణం కూడా మాయం. కంప్యూటర్ లాక్ అయిందట, ఆఫ్ చేస్తే డేటా మొత్తం పోతుందట. కింద మైక్రోసాఫ్ట్ గుర్తు, దాని పక్కన ఒక ఫోన్ నంబరు.

నిజానికి అది వైరస్సూ కాదు, లాకూ కాదు. ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లిన మామూలు వెబ్ పేజీ. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు తగ్గిపోతుంది. తగ్గకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత ట్యాబ్‌లు రిస్టోర్ చేయమంటారా అని అడుగుతుంది, వద్దనండి. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెబుతున్నారు. ఈ ఒక్క ముక్క ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటే ఈ కథే లేదు.

నేనేమో ఫోన్ చేశాను. అవతలి గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, "కంగారు పడకండి సర్, సమయానికే చేశారు" అనగానే నా టెన్షన్ సగం దిగిపోయింది. దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపించనిచ్చే ఒక రిమోట్ యాప్ ఇన్‌స్టాల్ చేయించాడు. ఆఫీసుల్లో నిజంగానే వాడే యాప్ అది, అందుకే విండోస్ కూడా కిక్కురుమనలేదు. ఇక మౌస్ అతని చేతిలోకి వెళ్లింది.

మొదట ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు, విండోస్ తన లోపల జరిగేవన్నీ రాసుకునే చిట్టా అది. వరసగా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు, వందల్లో. "ఇవన్నీ హ్యాకర్లు చేసినవే సర్" అన్నాడు. ఏ సర్వీసో ఆలస్యంగా మొదలైనా అక్కడ ఒక ఎర్ర గుర్తు పడుతుంది. నిక్షేపంగా పనిచేసే కంప్యూటర్‌లోనూ అవి ఉంటాయి, కావాలంటే మీ దాంట్లో ఇప్పుడే చూసుకోండి.

నన్ను పూర్తిగా పడగొట్టింది ఆ తర్వాతిది. నల్ల కమాండ్ విండోలో 'అసాక్' అని కొట్టాడు, ఏ ఎస్ ఎస్ ఓ సీ. ఏ రకం ఫైలు దేనికి చెందిందో చెప్పే జాబితా జరజరా పరిగెత్తి ఆగింది. చివరి వరసల్లో 888తో మొదలయ్యే పొడవాటి నంబరు. "ఇది మీ కంప్యూటర్‌కి మాత్రమే ఉండే ఐడీ సర్, మా సర్వర్‌లోనూ ఇదే ఉంది, చదువుతాను సరిచూసుకోండి" అని ఒక్కో అక్షరం చదివాడు. అన్నీ కలిశాయి. ఎందుకు కలవవు? అది ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఒకటే! ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే 'సెండ్ టు'లో వచ్చే జిప్ ఫోల్డర్‌కి విండోస్ పెట్టుకున్న గుర్తు అది. నాకు ఆ రోజు తెలియదు. మూడేళ్ల సెక్యూరిటీ ప్యాకేజీ అన్నాడు, కార్డు తీశాను.

నేను కొన్న యాంటీవైరస్ అంటూ డెస్క్‌టాప్ మీద ఒక ఆకుపచ్చ డాలు బొమ్మ వచ్చి కూర్చుంది. రోజూ ఉదయం ఏదో స్కాన్ చేసినట్టు నటించి, అంతా క్షేమం అనేది.

కొన్నాళ్లకి ఎందుకో అనుమానమొచ్చి ఐకార్ పరీక్ష పెట్టాను. అది 68 అక్షరాల ఒక చిన్న వరస, ఏ హానీ చేయదు. యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో చూడటానికే తయారుచేసింది. ఐకార్ సంస్థ సైటులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేశాను. డాలు బొమ్మ కదల్లేదు. విచిత్రం, విండోస్‌తో ఉచితంగా వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ కూడా కదల్లేదు, ఆన్‌లోనే ఉన్నా సరే. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఎక్స్‌క్లూజన్స్‌లో సీ డ్రైవ్ మొత్తం పెట్టి ఉంది. అంటే ఆ డ్రైవ్‌లో ఏమున్నా చూడొద్దని కాపలావాడికి చెప్పి వెళ్లాడన్నమాట. ఆ ఒక్క వరస తీసేసి ఫైలు మళ్లీ సేవ్ చేశాను. డిఫెండర్ ఠక్కున పట్టుకుంది. ఉచితంగా ఉన్నదాని కళ్లు మూయించుకోవడానికి నేను డబ్బు కట్టాను.

తర్వాత చేయాల్సినవి చేశాను. నెట్ తీసేశాను, కార్డు బ్లాక్ చేయించాను, బ్యాంకుకి ఫిర్యాదు ఇచ్చాను. రిమోట్ యాప్ కంప్యూటర్ ఆన్ అవగానే దానంతటదే మొదలయ్యేలా పెట్టి ఉంది. ఇంకేం దాచాడో అని విండోస్ మొత్తం కొత్తగా వేసుకున్నాను. తీసి పక్కన పెట్టిన హార్డ్ డిస్క్‌లో బ్యాకప్ ఉండబట్టి ఫొటోలు దక్కాయి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కంప్యూటర్ నుంచి మార్చకండి, వేరే పరికరం నుంచి మార్చండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ఆగకూడదు. బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలు, అంటే మనం ఇప్పటికే లాగిన్ అయ్యామని గుర్తుపెట్టుకునే చిన్న ముక్కలు, ఎత్తుకెళ్తే పాస్‌వర్డ్‌తోనూ ఓటీపీతోనూ పని లేకుండానే మన ఖాతాలో కూర్చోవచ్చు. అందుకే ప్రతి ఖాతాలోనూ 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కాలి.

ఫైళ్లకి తాళం వేసే రాన్సమ్‌వేర్ నిజంగానే ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. 2017 మేలో వచ్చిన వానాక్రై సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లను పట్టుకుంది. కానీ అలాంటిది సందేశం చూపించే సరికే ఫైళ్లు తెరుచుకోవు. మీ ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే లాక్ అయిందన్నది తాటాకు చప్పుడే. ఇంకో సంగతి, వానాక్రై దూరిన కంతని పూడ్చే అప్‌డేట్ ఆ మార్చిలోనే ఉచితంగా వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పటికే కొన్నవాళ్లుంటే, రిఫండ్ కాల్ కోసం సిద్ధంగా ఉండండి. కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు వెనక్కిస్తాం అంటారు. మళ్లీ రిమోట్ యాప్, మళ్లీ బ్యాంకు పేజీ. ఆ పేజీలోని అంకెని బ్రౌజర్‌లోనే మార్చేసి, పొరపాటున ఎక్కువ పంపేశాం, మిగతాది తిరిగి పంపండని ఏడుస్తారు. పేజీ రిఫ్రెష్ చేస్తే అసలు అంకె కనబడుతుంది, అందుకే ముట్టుకోనివ్వరు.

నాకూ వచ్చింది ఆ కాల్. నమ్మకం కలిగించడానికి అతను "మీ కంప్యూటర్ ఐడీ చదువుతాను సర్" అంటూ 888 మొదలుపెట్టాడు. మిగతాది నేను చదివాను. "మీ ముందున్న కంప్యూటర్‌లోనూ అదే ఉంది, చూసుకోండి" అన్నాను. పెట్టేశాడు. మర్నాడు ఇంకో నంబరు నుంచి ఇంకో గొంతు, అదే రిఫండ్.