గాబాపెంటిన్ 100: డయాలసిస్ మీద ఉండి ఏళ్లుగా వాడాక

గాబాపెంటిన్ అంటే నరాల బాధకిచ్చే మందు. ముందు దానికి నా మార్కులు. ఒళ్లంతా దురదకి పదికి ఎనిమిది, రాత్రిళ్లు కాళ్లు లాగడానికి ఏడు, అరికాళ్ల మంటకి ఆరు. మొద్దుబారిన పాదాలకి సున్నా. ఇది మంటను అణుస్తుంది, పోయిన స్పర్శను తెచ్చివ్వదు. చెప్పుల్లో రాయి ఉన్నా తెలియని స్థితిలో ఉంటే రోజూ పాదాలు తిప్పి చూసుకోవలసిందే.

మందు మంచిదే, మోతాదే ప్రాణాంతకం. కిడ్నీలు బాగున్నవాళ్లలో 5 నుంచి 7 గంటల్లో సగం మందు మూత్రంలో పోతుంది. మూత్రం రాని మనకు ఆ సగం పోవడానికి 132 గంటలు, అంటే ఐదున్నర రోజులు. మెషీన్ మీద ఉన్నంతసేపు మాత్రం 4 గంటల లోపే. అందుకే డయాలసిస్ రోజున, సూదులు తీసి ఇంటికొచ్చాక, పడుకోబోయే ముందు 100 మి.గ్రా. క్యాప్సూల్ ఒకటి. మధ్య రోజుల్లో ఏమీ లేదు. ముందే మింగితే మందు మెషీన్ పాలు. రెండు వారాలు చూసినా చాలకపోతే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) పెంచుతారు, సాధారణంగా 300 దాటనివ్వరు. డయాలసిస్ ఎగ్గొట్టిన రోజు క్యాప్సూల్ కూడా మానాలి.

అసలు గండం మందుల షాపులో ఉంది. ‘నరాల బిళ్ల’ అని అడిగితే గాబాపెంటిన్ 300, మిథైల్‌కోబాలమిన్ 500 మైక్రోగ్రాములు కలిపినది ఇస్తారు. షుగర్ ఉన్న పక్కింటాయన రోజూ రాత్రి వేసుకునేది అదే. మనం రోజూ వేసుకుంటే మెల్లగా పేరుకుంటుంది. ప్రీగాబాలిన్ 75 కలిపిన బిళ్లలదీ ఇదే తంతు, దానికీ కిడ్నీయే దారి.

పేరుకుంటే ఎలా ఉంటుందంటే: తాగినవాడిలా నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది, పగలంతా మగత. చేతులు ఉలిక్కిపడి చెంచా జారిపోతుంది. రెండు చేతులూ ముందుకు చాపి ‘ఆగు’ అన్నట్టు అరచేతులు పైకెత్తమంటే మణికట్లు టపటపా కిందికి వాలిపోతాయి. ఇంట్లోవాళ్లు షుగర్ పడిపోయిందనుకుంటారు. గ్లూకోమీటర్‌తో చూడటం సరైనదే, కానీ అంకె బాగుంటే అక్కడితో ఆగకూడదు. ఆ మందు ఇక వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అక్కడ డయాలసిస్ చేస్తే చాలావరకు తేరుకుంటారు. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా, మూతి వంకరపోయినా అది పక్షవాతం కావచ్చు, క్షణం ఆగొద్దు.

అన్ని కాళ్ల బాధలూ ఒకటి కాదు. మెషీన్ మీద మూడో గంటలో పిక్క పట్టేస్తే అది నీరు ఎక్కువగా, వేగంగా లాగడం వల్ల. ఆ రోజు తీయాల్సిన నీరు, డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువు) మళ్లీ చూడాలి, గాబాపెంటిన్ కాదు. పడుకోగానే కాళ్లు ఆడించాలనిపించి, లేచి నడిస్తే తగ్గేది వేరు. దానికి ముందు ఐరన్ పరీక్షలు చూపించుకోవాలి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, జలుబుకిచ్చే మత్తు మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి రాత్రి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో పరీక్ష చేయించాలి, ముదిరితే చిన్న ఆపరేషనే దారి. ఫిస్టులా చెయ్యి (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చెయ్యి) చల్లబడి నొప్పి పుడితే అది రక్తప్రసరణ సంగతి, వెంటనే చూపించాలి.

కలపకూడనివి: ట్రమడాల్ తోడైతే మగతతో పాటు ఊపిరి మందగిస్తుంది. ఎక్కిళ్లకో నడుము పట్టేసిందనో బ్యాక్లోఫెన్ రాస్తే ‘నేను డయాలసిస్ మీద ఉన్నాను’ అని గట్టిగా చెప్పండి. మనకు ఒకటి రెండు బిళ్లలతోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. గ్యాస్‌కి తాగే జెల్ సిరప్‌లు చాలావాటిలో అల్యూమినియం ఉంటుంది. అది గాబాపెంటిన్ ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తుంది, అంతకన్నా ముఖ్యంగా తానే మెదడులో పేరుకుంటుంది. నీళ్ల శుద్ధి సరిగా లేని రోజుల్లో డయాలసిస్ రోగులకు మాట పడిపోయి మతిమరుపు వచ్చింది ఆ అల్యూమినియంతోనే. సీసా వెనక చిన్న అక్షరాలు చదివి పక్కన పెట్టండి.