మూడేళ్లుగా వాడుతున్న ఫ్రోజెన్ బిస్కెట్లు: ఇంట్లో చేసేవాటి ముందు నిలబడతాయా?

ముందే చెప్పేస్తాను, ఇవి టీలో ముంచుకునే బిస్కెట్లు కావు. అమెరికాలో, అందులోనూ దక్షిణాది రాష్ట్రాల్లో, పొద్దున్నపూట వేడివేడిగా తినే మెత్తటి, పొరలు పొరలుగా విడిపోయే బిస్కెట్లు. మైదా, వెన్న, మజ్జిగ, బేకింగ్ పౌడర్, ఉప్పు, ఇంతే సరుకు. ఇక్కడికొచ్చిన కొత్తలో పక్కింటావిడ దగ్గర నేర్చుకుని ఏడేళ్లు నా చేత్తోనే చేశాను. గత మూడేళ్లుగా మా ఫ్రీజర్‌లో, కాల్చకుండా పచ్చివే గడ్డకట్టించి అమ్మే బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఉంటోంది.

మారడానికి కారణం బద్ధకం కాదు, లెక్క. ఇంట్లో ఒక వాయి చేస్తే ఎనిమిదో పదో వస్తాయి. పని రోజున మాకు కావలసింది మూడు. మిగిలినవి సాయంత్రానికే ఎండిపోయి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతాయి. కొన్న ప్యాకెట్‌లోంచి మూడే తీసి కాల్చుకోవచ్చు. ఈ ఒక్క సుఖం కోసమే ఇవి మా ఇంట్లో నిలిచాయి.

వీటిని సూపర్ మార్కెట్‌లో చల్లటి అరల్లో అమ్మే డబ్బా బిస్కెట్లతో కలపకండి. అట్టగొట్టంలో ముద్దను బిగించి అమ్మే ఆ పద్ధతికి కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌కు చెందిన లైవ్లీ విలోబీ 1931లో పేటెంట్ పొందారు. వాటిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, డబ్బా తెరిస్తే అన్నీ ఒకేసారి కాల్చేయాలి. రుచిలోనూ నాకు ఫ్రోజెన్‌వే ఎంతో నయం.

కాల్చేటప్పుడు మొదట్లో నేను చేసిన తప్పు, వాటిని కరగనివ్వడం. త్వరగా ఉడుకుతాయనుకుని అరగంట బయట పెట్టాను. కొవ్వు మెత్తబడి, అవి పైకి లేవకుండా పక్కలకి పరుచుకున్నాయి. అసలు బిస్కెట్ పొంగడమంతా చల్లటి కొవ్వు మీదే ఆధారపడి ఉంటుంది. శనగపప్పంత వెన్న ముక్కలు పిండి పొరల మధ్య గట్టిగా ఉండగానే ఓవెన్ వేడి తగలాలి. అప్పుడు లోపలి తేమ ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. అందుకే రాయిలా ఉన్నవాటిని నేరుగా ట్రేలో పెట్టేస్తాను. 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మా ఓవెన్‌కి 26 నిమిషాలు పడుతోంది. ఒకదానికొకటి ఆనేలా పేరిస్తే పక్కలకి పోయే చోటు లేక నిలువుగా లేస్తాయి. నల్ల ట్రేలో అడుగులు మాడాయి, లేత రంగు అల్యూమినియం ట్రేకి మారాక ఆ బాధ పోయింది. ఎయిర్ ఫ్రయర్‌లో నాలుగైదు సార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ పైన ఎర్రగా కాలింది, మధ్యలో పచ్చిపిండే మిగిలింది.

పొంగే విషయంలో ఇవి నావాటికంటే మెరుగు. నా చేతి వేడికి వెన్న కరిగిన రోజున నావి చదునుగానే వచ్చేవి. కట్టర్ దింపేటప్పుడు కాస్త తిప్పితే చాలు, అంచులు మూసుకుపోయి ఒక పక్కకి ఒరిగేవి. ప్యాకెట్‌వి ఏ రోజైనా ఒకేలా లేస్తాయి. విప్పితే అరచేతిలో రెండుగా విడిపోతాయి, మధ్యలోంచి ఆవిరి వస్తుంది.

వాసన దగ్గర మాత్రం తేలిపోతాయి. నేను కొన్నవాటిలో చాలావరకు వెన్నకి బదులు పామాయిలో, సోయా నూనెతో చేసిన కొవ్వో ఉంది. ఓవెన్ తలుపు తీయగానే ఇల్లంతా కమ్మేసే ఆ వెన్న వాసన రాదు. వేడిగా ఉండగా తేడా తక్కువే. చల్లారాక తింటే అంగిలికి కొవ్వు పూతలా అంటుకుంటుంది. చివరి రెండు నిమిషాల్లో పైన కరిగించిన వెన్న రాస్తే కొంత సరిపోతుంది. శాకాహారులు పదార్థాల పట్టీ చదవకుండా కొనొద్దు. కొన్ని రకాల్లో లార్డ్, అంటే పంది కొవ్వు, ఉంటుంది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఉప్పు. అత్తయ్యగారు మా దగ్గర ఆరు నెలలున్నారు. పళ్లు సరిగా లేనివారికి ఇవి మెత్తగా బాగుంటాయని రోజూ రెండేసి పెట్టాను, ఆవిడా ఇష్టంగా తిన్నారు. ఆవిడకి బీపీ ఉంది. ఒకరోజు ప్యాకెట్ వెనక చదివితే ఒక్క బిస్కెట్‌లో సోడియం 500 మిల్లీగ్రాములు దాటి ఉంది. ఇక్కడి లేబుళ్ల లెక్కలో రోజంతటికీ పరిమితి 2300. అంటే టిఫిన్‌తోనే దాదాపు సగం అయిపోతోంది. అన్నాళ్లు చూసుకోకుండా పెట్టినందుకు నాకు చాలా బాధేసింది. ఇంట్లో చేసినా బేకింగ్ పౌడర్ వల్ల కొంత సోడియం తప్పదు. అయితే ఉప్పులేని వెన్న వాడి, ఉప్పు తగ్గించుకోవడం మన చేతిలో ఉంటుంది.

ఆ తర్వాతే ఆదివారాలు మళ్లీ ఇంట్లో చేయడం మొదలుపెట్టాను. వైట్ లిలీ అనే బ్రాండు పిండి దొరికితే అదే వాడతాను. మెత్తరకం గోధుమలతో ఆడిన పిండి కాబట్టి సాగదు. సగం అప్పుడే కాల్చి, మిగతా సగం పచ్చివే ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేస్తాను. అప్పటికప్పుడు కాల్చినవాటి కంటే వేలి మందం తక్కువగా లేస్తాయి గానీ వెన్న వాసన పూర్తిగా ఉంటుంది. సంచి మూతి గట్టిగా బిగించాలి. కొన్న ప్యాకెట్ ఒకటి ఇలాగే సరిగా మూయక, నెలన్నరకి మంచు పొడి పట్టి, అంచులు అట్టలా ఎండిపోయి పారేయాల్సి వచ్చింది.

కొనడం మానలేదు, మానను కూడా. ఊపిరాడని వారాల్లో అవే ఆదుకుంటున్నాయి. ఇప్పుడు ఫ్రీజర్‌లో రెండు సంచులున్నాయి, కొన్నదొకటి, తేదీ రాసి అంటించిన నాదొకటి. వచ్చే నెల అత్తయ్యగారు మళ్లీ వస్తున్నారు, ఆవిడకి ఈసారి నా సంచిలోంచే తీస్తాను.