విండ్‌ఫామ్ మెరైన్ లాజిస్టిక్స్ కోర్సు: విశాఖలో ఐదు రోజులు

సముద్రంలోని గాలిమరల నిర్వహణకు బోట్లను, మనుషులను, విడిభాగాలను ఎలా నడపాలో నేర్పే ఐదు రోజుల కోర్సును ఇటీవల విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో పూర్తి చేశాను. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని చమురు, గ్యాస్ రిగ్గులకు సరుకు పంపే పనిలో చాలాకాలంగా ఉన్నాను గనుక, కొత్తగా నేర్చుకునేదేముంటుందన్న అనుమానంతోనే వెళ్లాను. అది మొదటి మధ్యాహ్నానికే తీరిపోయింది. రిగ్గు ఒక్కచోట ఉంటుంది, ఓడ సరుకు దించి వచ్చేస్తుంది. ఇంగ్లండ్ తీరంలోని హార్న్‌సీ వన్ అనే విండ్‌ఫామ్‌లోనైతే 174 టర్బైన్లు ఉన్నాయి, ఏ రోజు వేటికి మరమ్మతు ఉంటే వాటిపై టెక్నీషియన్లను దించి, పని ముగిశాక అందరినీ మళ్లీ ఎక్కించుకోవాలి.

ఈ కోర్సుకు ప్రాణం మూడో రోజు అభ్యాసం. చిన్న క్రూ బోటు తన ముక్కును టర్బైన్ నిచ్చెన ముందున్న గొట్టాలకు ఇంజిన్ బలంతో అదిమిపట్టి ఉంచితే, మనిషి అటు అడుగు వేస్తాడు. అల ఎత్తు సుమారు 1.5 మీటర్లు దాటితే సాధారణంగా ఆ పని ఆపేస్తారు. ఉదయం 1.1 మీటర్లు, సాయంత్రం 1.8 అని అంచనా ఇచ్చి, రోజు ప్రణాళిక వేయమన్నారు. నేను ఉత్సాహంగా మూడు బృందాలను పంపాను. బోధకులు నా కాగితం చూసి, “వెళ్లడానికి లెక్క వేశారు, రావడానికి వేయలేదు” అన్నారు. నా లెక్కలో ఆరుగురు టవరు మీదే ఉండిపోయారు!

లోపమల్లా ఉదాహరణలన్నీ ఇంగ్లండ్ పక్కనున్న ఉత్తర సముద్రానివే కావడం. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరానికి దూరం నుంచి వచ్చే పొడవాటి కెరటాలు ఎత్తు తక్కువైనా బోటును నిచ్చెన దగ్గర నిలవనివ్వవు. దాని ఊసే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊళ్లో తుపాను పాఠం అరగంటలో ముగించారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే అలల అంచనాను ఒక్కసారైనా తెరవలేదు. ఇక కేంద్ర ప్రభుత్వం 2024లో సముద్ర గాలిమరలకు రూ. 7,453 కోట్ల పథకం ఆమోదించింది గుజరాత్, తమిళనాడు తీరాలకే కాబట్టి, ఇక్కడ నేర్చుకున్నవారు పనికి అటే వెళ్లవలసి రావచ్చు. ఆ సముద్రాల గురించీ ఏమీ చెప్పలేదు.

కిటికీలోంచి సముద్రం ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తున్నా ఒక్కరోజూ బోటెక్కించకపోవడం మరీ వింత. నోట్సు జిరాక్సులు మసకగా ఉన్నాయి, భోజనం బాగుంది.

ఓడరేవు పని తెలిసినవారికి ఫీజుకు తగ్గ కోర్సే. చేరినవారు మూడో రోజు మాత్రం సెలవు పెట్టవద్దు.