టొరంటో దగ్గర అడవి నడక: నయాగరా ఎస్కార్ప్‌మెంటా, ఓక్ రిడ్జెస్ మొరైనా? ఏది మేలు?

టొరంటో చుట్టుపక్కల మన వాళ్ళ ఇళ్ళకి వేసవిలో అమ్మానాన్నలు వస్తే మొదటి వీకెండ్ నయాగరా జలపాతంతో అయిపోతుంది. రెండో వీకెండ్‌కి "దగ్గర్లో పచ్చగా, నాలుగడుగులు నడిచే చోటు ఏదైనా ఉందా?" అని అడుగుతారు. ఎవర్ని కనుక్కున్నా నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే నిటారు రాతి కొండ అంచులకి వెళ్ళమంటారు. ఇంకో చోటు ఉంది, ఓక్ రిడ్జెస్ మొరైన్, అంటే మంచుయుగం వదిలి వెళ్ళిన పొడవాటి దిబ్బ. రోజూ దాని మీదుగా ఆఫీసుకి వెళ్ళే వాళ్ళు కూడా చాలామంది ఆ పేరు విని ఉండరు. నేను రెండు చోట్లా ఏళ్ళ తరబడి నడిచాను. నా ఓటు మొరైన్‌కే.

ముందు ఎస్కార్ప్‌మెంట్ సంగతి. అది రాయి. 40 కోట్ల ఏళ్ళకు పైబడిన పాత సముద్రపు అడుగు. పైన డోలోస్టోన్ అనే గట్టి రాయి, కింద షేల్ అనే మెత్తటి రాయి. కిందది అరిగిపోతూ ఉంటే పైది ఆధారం లేక విరిగి పడుతుంది. అందుకే ఆ అంచు గోడలా నిటారుగా ఉంటుంది. ఒంటారియోలో క్వీన్‌స్టన్ నుంచి టోబర్‌మోరీ దాకా సుమారు 725 కిలోమీటర్లు సాగుతుంది. దాని వెంబడే బ్రూస్ ట్రెయిల్ అనే నడక దారి ఉంది. 1967లో మొదలైన ఆ దారి ఇప్పుడు సుమారు 900 కిలోమీటర్లు. 1990లో యునెస్కో ఈ ప్రాంతాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే కాపాడుకోవాల్సిన ప్రకృతి ప్రాంతంగా గుర్తించింది. రాటిల్‌స్నేక్ పాయింట్ దగ్గర నిలబడితే కింద పొలాలు, దూరంగా ఊళ్ళు, మన కాళ్ళ కిందుగా ఎగిరే రాబందులు కనిపిస్తాయి. రాతి పగుళ్ళలో వేళ్ళు దూర్చి వంకర తిరిగిన సీడర్ చెట్లు ఉంటాయి. కాండం మన చేయంత లావు కూడా లేని చెట్టుకి వందల ఏళ్ళ వయసు ఉండొచ్చు. కొన్నిటికి వెయ్యేళ్ళు దాటాయి. దృశ్యం కోసమే వెళ్ళేవాళ్ళకి దీన్ని మించింది ఇక్కడ లేదు.

మొరైన్ పూర్తిగా వేరే సరుకు. అది ఇసుక, కంకర. సుమారు 12,000–13,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముగుస్తున్న రోజుల్లో, ఇక్కడ మంచు రెండు పాయలుగా ఉండేది. ఒకటి ఉత్తరాన సిమ్కో సరస్సు వైపు, రెండోది దక్షిణాన ఇప్పటి ఒంటారియో సరస్సు పల్లంలో. ఆ రెండు మంచు గోడల నడుమ సందులోకి కరిగిన నీళ్ళు ఇసుకనీ రాళ్ళనీ మోసుకొచ్చి పోశాయి. మంచు పోయింది, పోసిన దిబ్బ మిగిలింది. పడమర ఎస్కార్ప్‌మెంట్ దగ్గర మొదలై తూర్పున ట్రెంట్ నది దాకా సుమారు 160 కిలోమీటర్లు. కొన్ని చోట్ల మందం వంద మీటర్లు దాటుతుంది. హైవే 400 మీద ఉత్తరంగా వెళ్తూ కింగ్ సిటీ దాటాక కారు మెల్లగా పైకెక్కి, మళ్ళీ హాలండ్ మార్ష్ వైపు దిగుతుంది చూడండి, అదే. అంత మెల్లగా ఎక్కుతుంది కాబట్టే ఎవరికీ తెలియదు.

మా నాన్న ఒంగోలు దగ్గర పొలంలో బోర్లు వేయించి వేయించి అలిసిపోయిన మనిషి. ఆయన్ని మొరైన్ మీదున్న యార్క్ రీజినల్ ఫారెస్ట్‌లో హాలిడ్జ్ ట్రాక్ట్ అనే భాగానికి తీసుకెళ్ళాను. పది నిమిషాలు నడిచాక దారి పక్కన ఎండు పైన్ ఆకుల్ని చెప్పుతో పక్కకి నెట్టి, వంగి గుప్పెడు మట్టి తీశారు. వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి చూసి, "ఇది మట్టి కాదురా, ఏటి ఇసుక. ఎంత వాన కురిసినా పైన నిలవదు, అంతా లోపలికే పోతుంది" అన్నారు. అక్షరాలా జరిగేది అదే. మొరైన్ నెత్తి మీద వాగులు పెద్దగా కనిపించవు. పడ్డ వానా కరిగిన మంచూ ఇసుకలో ఇంకి, దిబ్బ అడుగున ఊటలుగా బయటికొస్తాయి. టొరంటో మధ్యగా పారే డాన్ నదీ, హంబర్ నది తూర్పు పాయా పుట్టేది ఇక్కడే. ఆ ఊట చల్లగా ఉంటుంది కాబట్టే వేసవిలో కూడా కొన్ని వాగుల్లో బ్రూక్ ట్రౌట్ చేప బతుకుతుంది. చాలామంది ఇళ్ళలో బావి నీళ్ళు కూడా ఈ ఇసుకలోవే.

"చెట్లేంటి ఇలా వరసల్లో ఉన్నాయి?" అని అడిగారు నాన్న. నాటినవే మరి. వలస వచ్చి స్థిరపడ్డ వాళ్ళు పాత అడవిని నరికి సాగు చేస్తే, నాలుగు పంటలకే నేల తేలిపోయి ఇసుక గాలికి లేచింది. పొలాలు ఎడారులయ్యాయి. యార్క్‌లో 1924 నుంచి రెడ్ పైన్ నాటడం మొదలుపెట్టారు. తూర్పున ఇప్పుడు సుమారు 11,000 ఎకరాల గనరాస్కా అడవి కూడా అలా నిలబెట్టిందే. "మన సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు వేసినట్టేగా" అన్నారాయన. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ పైన్ల నీడలో ఇప్పుడు మేపుల్, ఓక్ మొక్కలు వాటంతట అవే లేస్తున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే మోకాలెత్తు పిల్ల మొక్కలు వందల్లో కనిపిస్తాయి.

ఇక నడక. ఎస్కార్ప్‌మెంట్ దారుల్లో రాళ్ళు, వేళ్ళు, లోతైన పగుళ్ళు. అంచుల్లో చాలా చోట్ల కంచె ఉండదు. పరుగెత్తే పిల్లలుంటే పెద్దవాళ్ళకి టెన్షనే తప్ప నడక ఉండదు. మా అమ్మ మోకాళ్ళకి ఆ రాళ్ళు పడలేదు, అరగంటకే కూర్చుండిపోయింది. మొరైన్ మీద పైన్ ఆకులు పరిచిన ఇసుక దారి పరుపులా ఉంటుంది, గంటన్నర నడిచింది. హాలిడ్జ్‌లో చక్రాల కుర్చీ, స్ట్రోలర్ వెళ్ళే దారి కూడా ఉంది. పేరున్న ఎస్కార్ప్‌మెంట్ పార్కుల్లో టికెట్, ముందస్తు బుకింగ్ ఉంటాయి, ఆకులు రంగు మారే రోజుల్లో పార్కింగ్ దొరకడం కష్టం. యార్క్ అడవుల్లో ప్రవేశం ఉచితం. సైకిల్ తొక్కేవాళ్ళకి అక్స్‌బ్రిడ్జ్ దగ్గర డర్హమ్ అడవి, చలికాలంలో స్కీయింగ్, స్నోషూయింగ్ అన్నీ మొరైన్ మీదే హాయి.

మొరైన్‌లో లోపాలు లేవనను. పైనుంచి చూసే దృశ్యం ఉండదు. మా చెల్లెలు మొదటిసారి వచ్చి "ఫొటో ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగింది. రెండు గంటలు చెట్లే. తెలియని వాళ్ళకి అన్ని మలుపులూ ఒకేలా ఉండి దారి తప్పే అవకాశం ఎక్కువ, ఫోన్‌లో మ్యాప్ ముందే పెట్టుకోండి. పిన్నుదుల బెడద రెండు చోట్లా ఉంది, లైమ్ జబ్బు వాటి ద్వారానే వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, ఇంటికొచ్చాక పిల్లల మెడలూ మోకాళ్ళ వెనకా చూడాలి.

ఇంకొక కారణం కూడా నా ఓటు వెనక ఉంది. రాతి గోడని కదిలించడం అంత తేలిక కాదు. ఇసుక దిబ్బ మీద ఇళ్ళు కట్టి, రోడ్లు పోస్తే నీళ్ళు ఇంకే దారి మూసుకుపోతుంది. రిచ్‌మండ్ హిల్‌లో జనం దీని కోసం పోరాడితేనే 2001లో ప్రత్యేక చట్టం వచ్చింది. వారం వారం నడిచే జనం ఉన్న అడవిని మాయం చేయడం కష్టం. అందుకే అక్కడికి వెళ్ళమంటాను.

ఒకే ఒక్క రోజు ఉండి, మోకాళ్ళు బాగుండి, ఫొటోలు కావాలంటే ఎస్కార్ప్‌మెంట్‌కే వెళ్ళండి. ఆరు నెలలుండే అమ్మానాన్నలకీ, ప్రతి ఆదివారం వెళ్ళాలనుకునే కుటుంబానికీ మొరైన్. తేల్చుకోలేకపోతే కాలెడన్‌లో ఫోర్క్స్ ఆఫ్ ద క్రెడిట్ పార్కుకి వెళ్ళండి. అక్కడ క్రెడిట్ నది రాతి అంచు మీంచి దూకుతుంది. ఆ నడకలోనే మంచు వదిలిన దిబ్బలు, ఇసుకలో పూడుకుపోయిన మంచుగడ్డ కరిగి ఏర్పడ్డ గుంట చెరువు కూడా ఎదురవుతాయి. పులిహోర డబ్బా విప్పడానికి ఆ చెరువు పక్కన గడ్డి బాగుంటుంది.