పేజీకి 300: తిరుపతిలో వెబ్‌సైట్ టైటిళ్లు రాయించుకున్నాను, ఇంగ్లీషు బాగుంది, తెలుగులో తడబాటు

మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. మూడు కార్లు, ఒక టెంపో. వెబ్‌సైట్ మా అక్క కొడుకు కాలేజీలో ఉన్నప్పుడు చేసిచ్చాడు. పద్నాలుగు పేజీలుంటే పద్నాలుగింటికీ ఒకటే టైటిల్: ‘హోమ్ - వెల్‌కమ్ టు అవర్ ట్రావెల్స్’. టైటిల్ అంటే గూగుల్‌లో వెతికితే నీలం రంగులో పెద్దగా కనిపించే లైను. కాణిపాకం పేజీకీ అదే, కాళహస్తి పేజీకీ అదే. కల్యాణ మంటపం గుమ్మం దగ్గర పెట్టే బొమ్మలాగా ఎవరొచ్చినా ఒకే నమస్కారం.

మధ్యలో వేరే ఊరి కంపెనీ ఒకటి ఫోన్ చేసి ‘మొదటి స్థానం గ్యారంటీ’ అంది. ఆరు నెలలు డబ్బు కట్టాను. వాళ్లు చేసిందల్లా ‘తిరుపతి టాక్సీ, టాక్సీ తిరుపతి, బెస్ట్ టాక్సీ ఇన్ తిరుపతి’ అని టైటిల్లో దండ గుచ్చడం. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టిందని తర్వాత తెలిసింది. ఆ సంగతి వదిలేద్దాం, తలుచుకుంటే బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు చెప్పేది భవానీ నగర్‌లో ఈ టైటిళ్లు రాసిచ్చే ఒక అమ్మాయి గురించి. పేరు రాయొద్దంది. మేడ మీద ఒకే గది, కింద జిరాక్స్ షాపు. పేజీకి 300 చొప్పున 14 పేజీలకు 4,200. బేరమాడి చూశాను. తగ్గలేదు, టీ మాత్రం తెప్పించింది.

వెళ్లగానే కంప్యూటర్ తెరుస్తుందనుకున్నా. తెరవలేదు. ‘‘అన్నా, ఫోన్ చేసినవాళ్లు మొదట ఏమడుగుతారు?’’ అంది. ఏదో చెప్పాను. నమ్మలేదు, బుకింగ్ డైరీ తెమ్మంది. మర్నాడు డైరీ ముందేసుకుని రెండు గంటలు కూర్చున్నాం.

మా పేజీలో ‘శ్రీపురం శ్రీలక్ష్మీ నారాయణి ఆలయ దర్శనం’ అని ఉండేది. డైరీలో మాత్రం నా చేత్తో నేనే ప్రతిచోటా ‘గో.టెం.’ అని గిలికాను. ఆమె దాని మీద వేలు పెట్టి, ‘‘మీరే శ్రీపురం అని రాసుకోలేదు, వాళ్లెందుకు వెతుకుతారన్నా?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. సరే, గోల్డెన్ టెంపుల్ అని పెట్టేయమన్నా. ఉత్త గోల్డెన్ టెంపుల్ అంటే అమృత్‌సర్ వచ్చి పడుతుంది, పక్కన వేలూరు ఉండాల్సిందే అంది. చివరికి ‘తిరుపతి నుంచి వేలూరు గోల్డెన్ టెంపుల్ టాక్సీ - ఒక్కరోజు ట్రిప్’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో తేలింది. మా ట్రావెల్స్ పేరు చివరికి పోయింది. ముందుండాలని నేను పట్టుబట్టాను. ‘‘మీ పేరు తెలిసినవాళ్లు గూగుల్‌కి ఎందుకు పోతారు, నేరుగా మీకే ఫోన్ చేస్తారు’’ అంది. కోపం వచ్చింది గానీ నిజమే. రేటు కూడా పెడదామంటే, డీజిల్ ధర మారినప్పుడల్లా వచ్చి మార్పించుకుంటారా అంది. ఊరుకున్నా.

సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌దే ఒకటుంది, ఉచితం. ఏ మాటలు వెతికితే మన పేజీ కనిపించిందో, ఎన్నిసార్లు కనిపించిందో, ఎన్నిసార్లు నొక్కారో అందులో ఉంటుంది. ఆరు నెలలు డబ్బు తీసుకున్నవాళ్లు దాని పేరు కూడా ఎత్తలేదు. కాణిపాకం పేజీ వందలసార్లు కనిపించింది, నొక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ టైటిల్ చూసి ఎవరు మాత్రం నొక్కుతారు?

ఇక లోపాలు. రెండు వారాల తర్వాత చూస్తే ఒక పేజీకి మేం రాసిన టైటిల్ కాకుండా మళ్లీ ఆ ‘వెల్‌కమ్’ లైనే వచ్చింది. 2021 ఆగస్టులో గూగుల్ పద్ధతి మార్చి, పేజీలో కనిపించే పెద్ద హెడ్డింగును టైటిల్‌గా తీసుకోవడం పెంచిందట. మనం రాసిందే వాడేది సుమారు 87 శాతం సార్లని ఆ సెప్టెంబర్‌లో చెప్పింది. మా పేజీ మిగతా పదమూడు శాతంలో పడింది. లోపల హెడ్డింగు పాతదే ఉండిపోయింది మరి. ఆ అమ్మాయి ఉచితంగానే మార్చిందిలెండి, కానీ ముందే చూసుకోవాల్సింది.

రెండోది తెలుగు పేజీలు, మూడున్నాయి. ఇంగ్లీషులో టైటిల్ అరవై అక్షరాలు దాటకూడదని ఆమె ఒక లెక్క పెట్టుకుంది. ప్రతిదీ అక్షరాలు లెక్కపెట్టే టూల్‌లో వేసి చూస్తుంది. ‘తిరుపతి’ మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు, గుడులనూ కొమ్మునూ విడిగా లెక్కేస్తుంది. కాణిపాకం, అరగొండ ట్రిప్పు టైటిల్ మా ట్రావెల్స్ పేరుతో కలిపి అరవై దాటిందని ముందున్న ‘తిరుపతి నుంచి’ కోసేసింది. ఇంకేముంది, చిత్తూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడి నుంచి కాణిపాకం పదీ పన్నెండు కిలోమీటర్లే. మా రేటు వినగానే ఒకాయన ‘‘ఏంది సామీ, హెలికాప్టర్‌లో తీసుకుపోతావా?’’ అన్నాడు.

గూగుల్ ఇన్ని అక్షరాలే ఉండాలని హద్దేమీ పెట్టలేదు. తెర మీద చోటు చాలకపోతే చివర కోసి చుక్కలు పెడుతుంది, అంతే. కాబట్టి చూడాల్సింది ఎంత వెడల్పు వస్తుందని. నేనే మా పేరు తీసేయమని, ‘తిరుపతి నుంచి’ మళ్లీ పెట్టించాను. ఇప్పుడు నా ఫోన్‌లో రెండు లైన్లలో చక్కగా సరిపోయింది. పేరు కోసం అంత పట్టుబట్టినవాణ్ని నేనే తీయించానని ఆమె నవ్వింది.

పని అయి రెండు నెలలు. గోల్డెన్ టెంపుల్‌కు ఇదివరకు నెలకు ఒకటో రెండో ఫోన్లు వచ్చేవి, ఇప్పుడు వారానికి రెండు మూడు. వేసవి సెలవులు కూడా కలిసొచ్చాయి కాబట్టి అంతా టైటిళ్ల పుణ్యమే అనను. కాళహస్తి పేజీ మాత్రం ఎక్కడున్నది అక్కడే. రాహుకేతు పూజ అని వెతికితే ముందు వరసంతా పెద్ద పెద్ద సైట్లు, వాటి ముందు మా టైటిల్ ఒక్కటి మారిస్తే ఏమవుతుంది?

ఐదుకు నాలుగు ఇస్తాను. ఇంగ్లీషు పేజీలకైతే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు, తెలుగువి మాత్రం దగ్గరుండి ఫోన్‌లో చూసుకోండి. ఆదివారం ఉండదు. బిల్లు అడిగితేనే ఇస్తుంది. వెళ్లేటప్పుడు బుకింగ్ డైరీనో, ఆర్డర్ల పుస్తకమో వెంట తీసుకెళ్లండి. లేకపోతే తిప్పి పంపుతుంది, ఆ మేడ మెట్లు రెండోసారి ఎక్కాలంటే మోకాళ్లు ఒప్పుకోవు.