"మిగిలిన గంజాయి డిస్పెన్సరీ కొంటుంది" అంటే నమ్మి డబ్బు కట్టకండి: మిషిగన్‌లో ఉన్న మనవాళ్ళకి జాగ్రత్త

నోవై, కాంటన్, ట్రాయ్ వైపు ఉన్న తెలుగువాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మెడికల్ గంజాయి కార్డు ఉన్నవాళ్ళకి ఇంట్లో మొక్కలు పెంచుకునే సెటప్ అమ్ముతూ, "మీ వాడకానికి పోగా మిగిలింది డిస్పెన్సరీ (లైసెన్సుతో గంజాయి అమ్మే షాపు) తీసుకుంటుంది, ఏడాది తిరిగేసరికి పెట్టిన డబ్బు వచ్చేస్తుంది" అని చెప్తున్నారు. నేను నమ్మి 7,400 డాలర్లు కట్టాను. డబ్బు పోతే పోయింది, మా ఆవిడ సిటిజన్‌షిప్‌కే ఎసరు పెట్టుకోబోయాం.

నడుము ఆపరేషన్ అయ్యాక నాకు నొప్పి తగ్గలేదు. మాత్రలు కడుపుకి పడలేదు. డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే కార్డు తీసుకున్నాను. ఏ మందులు కొట్టారో తెలియని సరుకు కన్నా ఇంట్లో పెంచుకుంటే మేలనిపించింది. ఇక్కడ 2008లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం ప్రకారం పేషెంటు 12 మొక్కల దాకా తాళం వేసిన గదిలో పెంచుకోవచ్చు. అంతవరకు రాష్ట్రం దృష్టిలో తప్పేమీ లేదు.

ఒక తెలిసినాయన ద్వారా ఈ అమ్మకందారు పరిచయమయ్యాడు. మనవాడే. ఇంటికొచ్చి బేస్‌మెంట్ కొలిచాడు. టెంటు, ఎల్‌ఈడీ లైటు, వాసన బయటికి రాకుండా ఫిల్టరు, రెండు రోజుల ట్రైనింగు, అన్నీ కలిపి ప్యాకేజీ. దానితో పాటు ఒక కాగితం ఇచ్చాడు: మిగులు సరుకుని "భాగస్వామి డిస్పెన్సరీ" కొంటుందని. ఏ డిస్పెన్సరీయో పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు. నేను అడిగితే, "అన్నా, పంట వచ్చాక చెప్తాను. ముందు వదిన పేరు మీద కేర్‌గివర్ కార్డు తీయండి. అయిదుగురు పేషెంట్లని పెట్టుకుంటే 60 మొక్కలు. అసలు లాభం అక్కడే ఉంది" అన్నాడు. కేర్‌గివర్ అంటే కార్డున్న పేషెంట్ల కోసం మొక్కలు పెంచి ఇవ్వడానికి రాష్ట్రం దగ్గర రిజిస్టరైన మనిషి. అనుమానం పోవడానికి, కేర్‌గివర్ల దగ్గర మిగిలింది లైసెన్సు ఉన్న సంస్థలు కొనొచ్చని రాష్ట్రం వాళ్ళు ఇచ్చిన నోటీసు ఫోన్‌లో చూపించాడు. నోటీసు నిజమైనదే. పైన తేదీ చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మొదటి కోతలో మూడు మొక్కలకి తొమ్మిది ఔన్సులు వచ్చింది. నాకు అది నెలలకి నెలలు సరిపోతుంది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. సరే, నేనే అడుగుదామని ఒక చిన్న సీసాలో శాంపిల్ పెట్టుకుని దగ్గర్లో ఉన్న డిస్పెన్సరీకి వెళ్ళాను. మేనేజరు నెమ్మదస్తురాలు. సీసా కౌంటర్ మీద పెడితే చేత్తో తాకలేదు. వంగి చుట్టూ చూసి "ట్యాగ్ ఏది?" అంది. లేదన్నాను. పెన్ను చివరతో ఆ సీసాని నా వైపుకి జరిపి, "ఇది మా షాపులో ఉన్నట్టు కెమెరాలో పడితే మా లైసెన్స్ పోతుంది, దయచేసి జేబులో పెట్టుకోండి" అంది. నాకు చెమటలు పట్టాయి.

ఆమె చెప్పింది, తర్వాత అటార్నీ చెప్పింది కలిపి రాస్తున్నాను. లైసెన్స్ ఉన్న తోటలో ప్రతి మొక్కకీ ట్యాగ్ ఉంటుంది. మెట్రిక్ అనే రాష్ట్ర కంప్యూటర్ వ్యవస్థలో మొక్క దగ్గర్నుంచి ప్యాకెట్ దాకా నమోదు ఉంటుంది, మధ్యలో ల్యాబ్ టెస్టు ఉంటుంది. 2016 చట్టం ప్రకారం డిస్పెన్సరీ కొనాలంటే లైసెన్సున్న పెంపకందారు దగ్గరో ప్రాసెసర్ దగ్గరో కొనాలి. ఇంట్లో పండింది ఆ గొలుసులోకి వచ్చే దారే లేదు.

ఒకప్పుడు ఉండేది. 2008 చట్టం డిస్పెన్సరీల మాటే ఎత్తలేదు. చాలామంది మిగిలింది ఒకరికొకరు అమ్ముకునే షాపులు పెట్టారు. 2013లో మౌంట్ ప్లెజెంట్‌లోని ఒక షాపు కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టం దీన్ని ఒప్పుకోదని తేల్చేసింది. కేర్‌గివర్ తన దగ్గర రిజిస్టరైన పేషెంట్లకే ఇవ్వాలి, ఖర్చుకి తగ్గ డబ్బు వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. తర్వాత లైసెన్సుల పద్ధతి మొదలైన కొత్తలో షాపులకి సరుకు చాలక, కేర్‌గివర్ల మిగులు కొనడానికి తాత్కాలికంగా వీలిచ్చారు. 2020లో దాన్ని దశలవారీగా మూసేశారు. నాకు చూపించిన నోటీసు ఆ తాత్కాలిక కాలం నాటిది. ఆయన వేసిచ్చిన లాభాల లెక్కలో ధర కూడా అప్పటిదే. ఇప్పుడు షాపులో ఔన్సు వంద డాలర్ల లోపే దొరుకుతుంటే మన బేస్‌మెంట్ సరుకు ఎవరికి కావాలి?

కాలిఫోర్నియాలో ఉన్న చుట్టాల మాట విని మోసపోకండి. అక్కడ కూడా పేషెంట్లు కలెక్టివ్‌గా ఏర్పడి, మిగిలింది సభ్యులకిచ్చి ఖర్చు రాబట్టుకునే పద్ధతి ఉండేది. 2019 జనవరిలో దానికున్న రక్షణ ముగిసింది.

అసలు భయం ఇక్కడ మొదలైంది. నేను సిటిజన్‌ని. మా ఆవిడకి గ్రీన్ కార్డు, ఈ ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలి. కేర్‌గివర్ ఫారం మీద ఆమె సంతకం అయిపోయింది, కవరు ఫ్రిజ్ మీద ఉంది. ఇమ్మిగ్రేషన్ అటార్నీ మొదటి ప్రశ్నే "ఇంట్లో ఎవరెవరు ఉంటారు? ఎవరి స్టేటస్ ఏంటి?" అని. మా ఆవిడ పేరు వినగానే "ఆ కవరు పంపారా?" అంది. లేదంటే అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది.

రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం ఒప్పుకోదు, ఇమ్మిగ్రేషన్ మొత్తం కేంద్ర చట్టంతో నడుస్తుంది. రాష్ట్రంలో లీగల్ అయినా సరే గంజాయి వ్యవహారం సిటిజన్‌షిప్‌కి కావలసిన మంచి నడవడికకి అడ్డం అవుతుందని 2019 ఏప్రిల్‌లో సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది. అమ్మకం అయితే ఇంకా ఘోరం. కోర్టులో శిక్ష పడక్కర్లేదు, మత్తుమందుల అక్రమ వ్యాపారంలో ఉన్నారని నమ్మడానికి అధికారికి కారణం కనిపిస్తే చాలు. ఇండియా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనే ఆపేయొచ్చు. రాష్ట్రాల మెడికల్ కార్యక్రమాల జోలికి పోవద్దని 2014 నుంచి కాంగ్రెస్ బడ్జెట్‌లో పెడుతూ వచ్చిన షరతు కూడా న్యాయశాఖకి మాత్రమే. యూఎస్‌సీఐఎస్ ఆ శాఖ కింద లేదు. హెచ్1బీ వాళ్ళకైతే ఇది అదనంగా అనుమతి లేని ఉద్యోగం కూడా అవుతుంది.

ఆ రాత్రి మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మొక్కలన్నీ తీసేశాను. అమ్మినాయన మీద క్రెడిట్ కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే 2,100 వెనక్కొచ్చాయి. మిగతాది చెక్కు రూపంలో ఇచ్చాను, అది పోయినట్టే.

మీ దగ్గరికి ఎవరైనా ఇలా వస్తే, కొనే డిస్పెన్సరీ పేరు, లైసెన్స్ నంబరు కాగితం మీద రాసిమ్మనండి. ఆ నంబరు పట్టుకుని డిస్పెన్సరీకి మీరే ఫోన్ చేసి "ఇంట్లో పండింది కొంటారా?" అని అడగండి. రెండు నిమిషాల పని. మిగిలింది ఇంట్లో తాళం వేసి ఉంచుకోవడం, 21 దాటిన వాళ్ళకి డబ్బు తీసుకోకుండా రెండున్నర ఔన్సుల దాకా ఇవ్వడం రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. ఒక్క డాలరు తీసుకున్నా అది అమ్మకమే. ఇంట్లో గ్రీన్ కార్డు మీదో వీసా మీదో ఒక్కరున్నా ఆ ఉచితం జోలికి కూడా పోవద్దు.

ఇప్పటికే సంతకాలు పెట్టి ఉంటే, కేర్‌గివర్ ఫారం పోస్టు చేయకముందే ఇమ్మిగ్రేషన్ అటార్నీని కలవండి. మాకు గంటకి 250 డాలర్లు అయింది. ఆ అగ్రిమెంటు కాగితం నా దగ్గర ఇంకా ఉంది, మీకిచ్చింది కూడా అదేనేమో పోల్చి చూసుకోవాలంటే పేర్లు కొట్టేసి పంపిస్తాను.