కార్టర్ ఫ్యామిలీ ఐదు సీడీల సెట్: ఏళ్ల తరబడి విన్నాక

అమెరికా పల్లెపాటల నుంచి వచ్చిన కంట్రీ సంగీతం మూలాలు వినాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఒకటే. కార్టర్ ఫ్యామిలీ అనే ముగ్గురి బృందం 1927 నుంచి 1934 దాకా విక్టర్ అనే రికార్డుల కంపెనీకి పాడిన పాటల్ని, రికార్డయిన వరసలోనే పేర్చిన ఐదు సీడీల సెట్. కారులో, వంటింట్లో, గిటార్ ఒళ్లో పెట్టుకుని ఏళ్ల తరబడి దీన్ని వింటున్నాను. అట్టపెట్టె అంచులు చిరిగిపోయాయి, మూడో సీడీ మీద గీతలు పడి ఒకచోట ఎగిరిపోతుంది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

హిట్ పాటల సంకలనాలు బజార్లో చాలా ఉన్నాయి. వాటితో మొదలుపెట్టొద్దు. ఇరవై హిట్లు వరసపెట్టి వింటే అన్నీ ఒకే మూసలో ఉన్నట్టనిపించి, సగంలో ఆపేస్తారు. రికార్డయిన వరసలో వింటే మాత్రం ముగ్గురు మనుషులు ఏటికేడాది ఎలా మారుతున్నారో చెవికి పట్టుబడుతుంది. గిటార్ ధీమాగా ముందుకొస్తుంది, గొంతులు ఒకదానికొకటి అలవాటుపడతాయి, పాటల ఎంపిక మారుతుంది.

ముగ్గురూ వర్జీనియా రాష్ట్రంలో క్లించ్ కొండ కింద పూర్ వ్యాలీ అనే లోయలో కాపురమున్నవాళ్లు. ఎ.పి. కార్టర్, ఆయన భార్య శారా, మూడో మనిషి మేబెల్. మేబెల్ శారాకు దగ్గరి చుట్టం, ఎ.పి. తమ్ముడి భార్య కూడా. అంటే శారా, మేబెల్ తోడికోడళ్లు. 1927 ఆగస్టు 1న వీళ్లు బ్రిస్టల్ ఊరికి వెళ్లి, విక్టర్ తరఫున వచ్చిన రాల్ఫ్ పీర్ ముందు పాడారు. ఒక టోపీల కంపెనీ భవనంలో పీర్ రికార్డింగ్ సామాను దించాడు, పాటకు 50 డాలర్లు ఇస్తానన్నాడు. మేబెల్‌కి అప్పటికి 18 ఏళ్లు, నెలలు నిండుతున్న గర్భిణి. శారాకు చంటిబిడ్డ. వాణ్ని చూసుకోవడానికి ఎనిమిదేళ్ల కూతురు గ్లాడిస్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. రెండు రోజుల్లో ఆరు పాటలు పాడారు. తర్వాత రెండు రోజులకి అక్కడే జిమ్మీ రాడ్జర్స్ మొదటిసారి రికార్డయ్యాడు. కంట్రీ సంగీతానికి పెద్ద దిక్కులుగా చెప్పుకునే ఇద్దరూ ఒకే వారంలో, ఒకే భవనంలో దొరికారు.

మొదటి సీడీలో ముందు వినిపించేవి ఆ ఆరు పాటలే. రెండో రోజు పాడిన 'సింగిల్ గర్ల్, మ్యారీడ్ గర్ల్' దగ్గర ఆగాలి. పెళ్లికాని పిల్ల చక్కగా తయారై బజారుకెళ్తుంది, పెళ్లైన పిల్ల ఉయ్యాల ఊపుతూ ఉండిపోతుంది. పాటంతా ఇంతే. ఆ రోజు ఎ.పి. లేడు, ఆడవాళ్లిద్దరే. ఈ పాట శారాకు ఇష్టం లేదు, పీర్ పట్టుబట్టి పాడించాడు. చివరికి జనానికి బాగా నచ్చింది. శారా గొంతు బరువైనది, సూటిగా ఉంటుంది, గమకాలేమీ ఉండవు. దుఃఖాన్ని నటించదు, జాలి కోరదు. మా అమ్మమ్మ తిరగలి దగ్గర కూర్చుని పాడేటప్పుడు కూడా గొంతు ఇలాగే ఉండేది, ఎవరో వింటున్నారన్న స్పృహే ఉండేది కాదు. మొదట్లో శారా పాట నాకు పొడిపొడిగా అనిపించింది. కానీ ఇప్పుడు ఎవరైనా కంట్రీ పాటను గొంతు వణికిస్తూ ఏడ్చినట్టు పాడితే శారానే గుర్తొస్తుంది, ఆపేయాలనిపిస్తుంది.

ఇక మేబెల్ గిటార్. ఈ సెట్ నా దగ్గర ఇన్నాళ్లు నిలవడానికి అసలు కారణం అదే.

1928 మేలో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో రికార్డు చేసిన 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్' పెట్టుకుని, గొంతును పక్కనపెట్టి గిటార్ ఒక్కటే వినండి. ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. బొటనవేలు లావు తీగల మీద పాట బాణీని ఒక్కో స్వరంగా మీటుతుంది. ఆ స్వరాల మధ్య ఖాళీల్లో చూపుడువేలు సన్న తీగల్ని కిందికీ పైకీ గీరుతూ తాళం నిలబెడుతుంది. అప్పటిదాకా ఇలాంటి బృందాల్లో గిటార్ ఎక్కువగా వెనక ఉండి తాళం వేసేది, ముందుండి పాట నడిపేది ఫిడేలో బాంజోనో. ఇక్కడ ఫిడేలూ లేదు, బాంజో కూడా లేదు. శారా వాయించే ఆటోహార్ప్ (ఒళ్లో పెట్టుకుని మీటే తీగల పెట్టె) వెనక పరుచుకుని ఉంటే పాటను గిటారే లాక్కెళ్తుంది. దీన్నే కార్టర్ స్క్రాచ్ అంటారు. గిటార్ నేర్చుకునేవాళ్లకు ఈ పాటను ఇప్పటికీ తొలి పాఠాల్లోనే చెప్తారు. నేనూ దీంతోనే మొదలుపెట్టాను. స్వరాలు త్వరగానే పట్టుబడతాయి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఆ బరువు తేడా రావడం కష్టం. బొటనవేలి దెబ్బ గట్టిగా పడాలి, గీరడం తేలిగ్గా ఉండాలి. రెండూ ఒకే జోరుతో పడితే బాణీ మునిగిపోతుంది. ఆ తర్వాత మేబెల్ 275 డాలర్లు పెట్టి గిబ్సన్ ఎల్-5 గిటార్ కొనుక్కుంది. 1929 నుంచి వచ్చిన పాటల్లో గిటార్ మోత మారడం మామూలు స్పీకర్లలోనే తెలిసిపోతుంది.

ఎ.పి. పాడేది తక్కువ. కొన్ని చరణాల్లో కింది శ్రుతిలో వచ్చి కలుస్తాడు, మధ్యలో మానేస్తాడు, మళ్లీ వస్తాడు. కొత్తగా వినేవాళ్లకు అది తప్పులా తోస్తుంది. అలవాటయ్యాక, ఆయన రాని చరణం వెలితిగా ఉంటుంది. ఆయన అసలు పని పాటలు ఏరుకురావడం. కొండల్లో ఇల్లిల్లూ తిరిగి పాతపాటలు రాసుకునేవాడు. ఈ తిరుగుడులో ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. సిమెంట్ ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి. ఎ.పి. మాటలు రాసుకుంటే, బాణీ రిడిల్ మనసులో పెట్టుకుని వచ్చేవాడు. మేబెల్ కూడా రిడిల్ వాయింపు చూసి నేర్చుకుంది. 1930లో రికార్డయిన 'ద కానన్ బాల్' రిడిల్ దగ్గర నుంచి వచ్చిందే.

కానీ రచయిత పేరు చూస్తే దాదాపు అన్ని చోట్లా ఎ.పి. కార్టరే ఉంటుంది. 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్' 1860లోనే అచ్చయిన పాట, దానికి బాణీ కట్టింది జె.పి. వెబ్‌స్టర్. పాట ఎవరిపేర రిజిస్టరైతే రాయల్టీ వాళ్లకే, అందులో పబ్లిషర్‌గా పీర్‌కీ వాటా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి నడిచింది. ఎ.పి. తిరిగి ఉండకపోతే ఈ పాటల్లో చాలా భాగం మనదాకా వచ్చేవి కావు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ ఈ సెట్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో రిడిల్ గురించి పట్టుమని నాలుగు వాక్యాలు కూడా లేకపోవడం నాకు బాధనిపిస్తుంది. రిడిల్ పాటలు 1993లో 'స్టెప్ బై స్టెప్' పేరుతో రౌండర్ కంపెనీ తెచ్చింది. ఈ సెట్ కొన్నవాళ్లు అది కూడా తెచ్చుకోండి. మేబెల్ వేళ్లు వేరే కోణంలో వినిపిస్తాయి.

ఇక సెట్‌లో నచ్చనివి. 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) గరగర తీసేసే ప్రయత్నంలో కొన్ని పాటల్ని మరీ ఎక్కువగా కడిగేశారు, ఆటోహార్ప్ మెరుపు పోయి దుప్పటి కప్పినట్టయింది. నాకు గరగరతోనే ఇష్టం. పుస్తకంలో అక్షరాలు చదవలేనంత చిన్నవి. 1931లో జిమ్మీ రాడ్జర్స్‌తో కలిసి చేసిన సరదా సంభాషణల రికార్డులు చరిత్ర కోసం ఒకసారి వింటే చాలు. నేను వాటిని దాటేస్తాను.

చివరి సీడీ వినేటప్పుడు ఒక సంగతి తెలిసుంటే మంచిది. 1933 నాటికి శారా, ఎ.పి. విడిపోయారు. విడాకులు 1936లో తీసుకున్నారు. అయినా రికార్డింగ్ ఉందంటే ముగ్గురూ వచ్చి మైకు ముందు నిలబడేవారు. ఆ పాటల్లో గొడవ ఛాయ ఎక్కడైనా దొరుకుతుందేమోనని నేను చాలాసార్లు చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడా లేదు. కలిసి పాడే చోట ఊపిరి కూడా ఒకేసారి తీసుకుంటారు. వర్జీనియాలో హిల్టన్స్ దగ్గర మౌంట్ వెర్నన్ చర్చి స్మశానంలో ఇద్దరి సమాధులూ ఉన్నాయి, రెండు రాళ్ల మీదా గోల్డ్ రికార్డు బొమ్మే. అటు వెళ్లేవాళ్లు శనివారం చూసుకుని వెళ్తే, వాళ్ల కూతురు జానెట్ మొదలుపెట్టిన కార్టర్ ఫోల్డ్ అనే కచేరీ హాల్లో పాటలు కూడా వినొచ్చు. కరెంటు వాయిద్యాలకు అక్కడ ప్రవేశం లేదు. ముసలివాళ్లు సైతం లేచి చెక్క నేల మీద టకటకమంటూ అడుగులేస్తారు.

కొనేముందు ఒక్క మాట. అందరికీ తెలిసిన 'కెన్ ద సర్కిల్ బీ అన్‌బ్రోకెన్' ఈ సెట్‌లో ఉండదు, అది 1935లో ఏఆర్‌సీ కంపెనీకి పాడింది. దానికోసం 1935 నుంచి 1941 దాకా ఉన్న రెండో సెట్ కొనాలి. అందులో 1935లో పాత హిట్లే మళ్లీ పాడినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువభాగం నాకు విక్టర్ రికార్డులంత నచ్చవు. కానీ 1936 నుంచి 1938 మధ్య డెక్కా కంపెనీకి పాడినవి వదలొద్దు, గొంతులు బాగా పండిన కాలం అది. అంతా ఒకేచోట కావాలి, డబ్బుకు వెనకాడం అనుకుంటే బేర్ ఫ్యామిలీ కంపెనీ 2000లో తెచ్చిన 12 సీడీల పెట్టె, దాంతోపాటు పెద్ద పుస్తకం ఉన్నాయి. నేను దాన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకుని విన్నాను. పుస్తకం కోసమైనా కొనొచ్చు. రోజూ వినడానికి మాత్రం నాకు ఈ ఐదు సీడీలు సరిపోతున్నాయి.